వాసన తెలియని రుయ్‌లాన్

మా షౌగువాంగ్ వైపు పిల్లను చూడడానికి వెళ్ళినవాళ్ళు నడక చూస్తారు, చేతులు చూస్తారు, గిన్నెడు నూడుల్స్ చేయించుకు తిని మరీ వస్తారు. ముక్కు పనిచేస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు. పెద్ద కొడుక్కి పిల్లను చూడబోయిన లువాన్ ముసలాయనా అడగలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి రుయ్‌లాన్‌కు వాసన తెలియకుండా పోయిన సంగతిని పెళ్ళిళ్ళ పేరమ్మ కడుపులోనే దాచుకుంది. కొత్త కోడలు కోళ్ళ ఎరువు బండి పక్కనే నిలబడి హాయిగా రొట్టె, పచ్చి ఉల్లికాడ నములుతుంటే అప్పుడు తెలిసింది ఊరందరికీ.

ముసలాయన నెత్తి బాదుకున్నాడు. ఎందుకు బాదుకోడు? మాది చలికాలంలో ప్లాస్టిక్ షెడ్లలో కీరదోస పండించే ఊరు. సాయంత్రం షెడ్డు మీద గడ్డి చాపలు పరిచేస్తాం, ఎండ వచ్చాక చుట్టి పైకి లాగుతాం. లోపలి గాలి లోపలే ఉంటుంది. ఎరువు పచ్చిదో మాగిందో ముక్కే చెప్పాలి. యూరియా ఎక్కువై మట్టిలోంచి ఘాటు లేస్తే ముక్కే పట్టుకోవాలి. ఆ ఘాటు గాలి నిలిచిపోయిందంటే ఆకులు ఉడికిన పాలకూరలా వాలిపోతాయి.

"పెద్దోడు లారీ పట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు. ఈ ముక్కులేనమ్మ చేతిలో షెడ్డు పెడితే నా పరువు కంపు కొడుతుంది. ఈ చలికాలం చూస్తా. పంట చెడిందా, షెడ్డు చిన్నోడికి ఇచ్చేస్తా," అని ముసలాయన వీధిలో నిలబడి చెప్పాడు.

రుయ్‌లాన్ నా దగ్గరకొచ్చి ఏడ్చింది. మా షెడ్డు వాళ్ళ షెడ్డు పక్కనే.

"మా పుట్టింటి రాళ్ళనేలలో ముల్లంగి కూడా బొటనవేలంతే ఊరేది వదినా. ఇక్కడ తీగ చూస్తుండగానే పాకుతుంది. ఆ షెడ్డు పోతే ఈ ఇంట్లో నేను రొట్టెలు వండే మనిషినే."

"ఏడిస్తే ముక్కొస్తుందా? ఇంకేదన్నా దారి చూసుకో," అన్నాను.

చూసుకుంది మహాతల్లి. రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి, ప్లాస్టిక్ కప్పుకు లోపలివైపు పట్టిన నీటి బొట్లను వేళ్ళతో తుడిచి, బొటనవేలితో రుద్ది చూసేది. మామూలు నీళ్ళలా ఉంటే సరే. సబ్బు నీళ్ళలా జారితే మట్టిలోంచి ఘాటు లేచి ఆ నీళ్ళలో కలిసినట్టు. వెంటనే కప్పులో గాలిసందు తెరిచేది.

"ఏమమ్మా, మీ ఇంట్లో నీళ్ళు లేవా? కప్పు పట్టుకుని చేతులు కడుక్కుంటున్నావు!" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"నవ్వు వదినా, నవ్వు. దేవుడు నీకు ముక్కిచ్చాడు, నాకు బొటనవేలిచ్చాడు."

అసలు ఎరువు దగ్గర మా ఊరివాళ్ళవి ధారాళమైన చేతులు. చుట్టం గిన్నె ఖాళీ కాకముందే వడ్డించాలి, మట్టికీ అంతే. తక్కువ వేస్తే "పిసినారి చెయ్యి" అని పేరు పెడతాం. మొక్క తినగా మిగిలింది కొంత గాలికి పోతుందని, కొంత నీళ్ళతో దిగి మన బావిలోకే వస్తుందని ఎవరు ఆలోచించారు? రుయ్‌లాన్ మాత్రం యూరియా చిటికెడు చిటికెడు నీళ్ళలో కలిపి పారించి, పైన మట్టి కప్పేది. "నా నేలను పస్తులు పెడుతోంది!" అని ముసలాయనకు ఒళ్ళు మండిపోయేది.

ఆ చలికాలం మంచు విడవకుండా కురిసింది. చాపలు తీయలేకపోయాం. వెలుతురు లేక తీగలు పాలిపోతే, ముసలాయనకు అవి ఆకలితో పాలిపోయినట్టు కనబడ్డాయి. కోడలు వంటింట్లో ఉండగా వెళ్ళి, పచ్చి కోళ్ళ ఎరువు పరిచి, దాని మీద యూరియా దోసిళ్ళతో చల్లాడు. పోతూ పోతూ నా షెడ్డులోకీ తొంగిచూసి, "నువ్వూ చల్లు, పచ్చబడతాయి," అన్నాడు. పెద్దమనిషి మాట కదా, చల్లాను.

మర్నాడు పొద్దున్నే పక్క షెడ్డులో కేకలు. పరుగెత్తాను. రుయ్‌లాన్ తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉంది. ముసలాయన అడ్డంగా నిలబడ్డాడు.

"బొట్లు జిగటగా జారుతున్నాయి మామయ్యా! తలుపు తియ్యాలి, సందు తియ్యాలి."

"మతి పోయిందా? బయట మంచు! మొక్కలు చలికి చస్తాయి."

"తియ్యకపోతే గాలికి చస్తాయి."

"ఏ గాలే? నాకేం వాసన రావట్లేదే! ముక్కున్నవాణ్ణి నేను చెప్తున్నా!"

"తెల్లవారుజాము నుంచీ మీరిందులోనే తిరుగుతున్నారు. మీ ముక్కుకు అలవాటైపోయింది."

"తీశావో, షెడ్డు చిన్నోడిదే! తర్వాత నా కాళ్ళు పట్టుకున్నా వినను!"

అయినా రుయ్‌లాన్ గడియ తీసింది.

తలుపు పక్క వరసంతా చలికి నల్లబడింది, మిగతా తీగలకేం కాలేదు. ముసలాయన ఆ మొక్కలు పీకి, "చూడండయ్యా, మా కోడలి తెలివి!" అని వీధంతా తిప్పి చూపించాడు. పట్నంలో పనిచేసే చిన్న కొడుక్కు కబురు పెట్టాడు. అది చూసి నేను నా షెడ్డు సందులకు గోనెలు కుక్కి మరీ బిగించాను. లోపల కళ్ళు మండితే మా ఆయన చుట్ట పొగనుకుని ఆయన్ని నాలుగు తిట్టాను.

మర్నాటికి నా తీగల ఆకులు అంచులన్నీ తెల్లగా మాడిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నా ఆకులే కాలిపోతే ఇంకేం పట్టుకోను? కూలబడి ఏడ్చాను. రుయ్‌లాన్ పరుగెత్తుకొచ్చి, సందులన్నీ తెరిచి, కాలవల్లో నీళ్ళు పారించి, సగం తీగలు బతికించింది. నా ఏడుపు విని ముసలాయన వచ్చాడు. ఒక ఆకు తెంపి వేళ్ళ మధ్య నలిపాడు. అది పొడిపొడిగా రాలింది. ఆ పొడి దులుపుకుని వెళ్ళిపోయాడు.

రుయ్‌లాన్‌కు ఇప్పుడు మనవలు. ఎండాకాలంలో మా షెడ్లు ఖాళీగా ఉంటే, ఆమె తన షెడ్డులో మొక్కజొన్న వేస్తుంది. మట్టిలో మిగిలిపోయిన ఎరువంతా అదే తినేస్తుందట. ఆ పొత్తులు మేం తింటాం. ఎరువు దగ్గర నాదీ ఇప్పుడు పిసినారి చెయ్యే, ఎవరేమనుకుంటే నాకేం? కాయ మాత్రం తగ్గలేదు. ఎప్పుడు చూసినా రుయ్‌లాన్ ఆ షెడ్డులో ఏదో పాట పాడుకుంటూనే ఉంటుంది, నాకు నిద్రాభంగం.

షెడ్డు ఆమెదెలా అయిందంటారా? నా ఆకులు మాడిన మర్నాడే. పొద్దున నేను చాపలు లాగుతుంటే, పక్క షెడ్డు ముందు చిన్న కొడుకు పరుపుచుట్టతో సహా దిగి ఉన్నాడు. వెనక గోడ మీద ముసలాయన, చేతిలో గాలిసందు తెరిచే తాడు. ఊళ్ళో ఎవరి షెడ్డు ఎప్పుడు తెరవాలో ఇన్నాళ్ళూ తనే చెప్పిన మనిషి ఆయన.

"నాన్నా, తీసెయ్, ఎండొచ్చిందిగా," అన్నాడు చిన్నోడు.

"నువ్వు నోర్ముయ్‌రా," అని ముసలాయన కిందికి వంగి, లోపలికి వినబడేలా అడిగాడు: "అమ్మాయ్, తియ్యనా, వద్దా?"

"కాస్త ఆగండి మామయ్యా," అంది రుయ్‌లాన్ లోపలినుంచి.

ముసలాయన ఆ చలిలో, తాడు పట్టుకుని, ఆగాడు.