అసలు ఊరు

సికింద్రాబాద్‌లో నా మొదటి ఆఫీసు మేనేజరును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన కంప్యూటర్లో డౌన్‌లోడైన ప్రతి ఫైలూ, అది వచ్చిన వెబ్‌సైటు పేరున్న ఫోల్డరులోకి దానంతటదే వెళ్లిపోయేది. ఆ ఏర్పాటు అందరికీ చూపించి మురిసిపోయేవాడు. "ఏడికెళ్లి వచ్చిందో తెలిస్తే సాలు. తెరిచి సూసుడే అక్కర్లేదు."

చేరిన రోజే నన్నడిగాడు.

"మీదే ఊరమ్మా?"

"బోయిగూడ సార్. ఈడనే పుట్టిన."

"గది గాదమ్మా, అసలు ఊరు?"

తాతగారిది తెనాలి అన్నాను. "గట్ల చెప్పు" అని తృప్తిగా తలూపాడు. అప్పటినుంచి ఆంధ్రా కస్టమర్ల పనులన్నీ నా నెత్తినే. తెనాలి మొహం నేనింతవరకూ చూడలేదు.

ఒకరోజు నేను రాసిన రిపోర్టును పెన్‌డ్రైవులో తెచ్చి ఆయన కంప్యూటర్లో వేశాను. అది ఏ ఫోల్డరులోకీ పోలేదు.

"ఇది ఏ సైటుదమ్మా?"

"ఏ సైటుదీ కాదు సార్. ఈడనే కూసోని నేనే రాసిన."

"గది గాదు. అసలు ఏడికెళ్లి తెచ్చినవ్?"

"జెర తెరిచి చూడుండ్రి సార్!" అని అరిచాను. ఆఫీసంతా తలెత్తి చూసింది.

ఆయన తెరవలేదు. కొత్త ఫోల్డరొకటి చేసి, నా రిపోర్టును అందులో పడేసి, పైన పేరు కొట్టాడు: తెనాలి.