ఓబులన్నకు అవ్వ పెట్టిన తిట్టు

చీనీకాయ ఒలిచినప్పుడు వేళ్లకు అంటుకునే ఆ చేదు వాసన తగిలితే చాలు, నేనెక్కడున్నా పులివెందుల దారిలోని మా తోటలోకి వెళ్లిపోతాను. తోట వెంట అవ్వ, అవ్వ వెంట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతుండే 'బేవార్సు' అన్న తిట్టు వచ్చేస్తాయి.

మర్యాదస్తులు నలుగురిలో అనని మాటే గానీ, మా ఇంట్లో అది ఉప్పులాగా అన్నిట్లోనూ పడేది. మంద విడిచి పరాయి చేలో దూరిన మేక బేవార్సు. మోటారు ఆపడం మరిచిపోతే కాలువ దాటి పోయే నీళ్లు బేవార్సు. చదువు ముగించి అరుగు మీద పేకాడే పిల్లగాళ్లు బేవార్సులు. వేసవి సెలవుల్లో బావిలో ఈదీ ఈదీ, కళ్లు ఎర్రబడి, సంగటి చల్లారాక ఇల్లు చేరిన మనవళ్లనైతే, "ఒరే బేవార్సు నాయాలా, కూటికి రాకుండా యాడ తిరగతాండావురా?" అని వీధి వినేటట్టు తిట్టి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడిలో నెయ్యి కాస్త ఎక్కువే వేసేది. ఆమె తిట్టని పూట మాకు అన్నం సహించేది కాదు.

పరుపులు కుట్టే ఖాసీం తాత ఒకసారి దూది ఏకుతూ చెప్పాడు: "ఆ మాట మా ఉర్దూదేలే బిడ్డా. వారీసు లేనోడు, యెనకాల ఎవురూ లేనోడని."

వెనకాల ఎవరూ లేకపోవడం ఆ రోజుల్లో నవ్వులాట కాదు. ఊరు రెండు పార్టీలుగా చీలిపోయింది. జమ్మలమడుగు బస్సులో కూడా రెండు పార్టీలవాళ్లు చెరొక వైపు కూర్చునేవాళ్లు. పెళ్లి ఊరేగింపులో టపాసు పేలినా ఆడవాళ్లు ముందు పిల్లల్ని వెతుక్కునేవాళ్లు.

ఒక ఉగాది వెళ్లగానే, ప్రొద్దుటూరు నుంచి వస్తున్న అవ్వ చిన్నకొడుకును, మా చిన్నాయనను ఎదుటి పార్టీవాళ్లు నరికేశారు. ఆయనకు ఒక్కడే కొడుకు, ఓబులన్న. మీసం ఇంకా రాలేదు. మా ఊళ్లో ఒక ఆచారముండేది. పార్టీ కోసం పోయినవాని తువ్వాలును దినాల రోజు నాయకుడే వచ్చి కొడుకు భుజాన వేసేవాడు. వేశాక ఆ పిల్లవాడు బడికి పోడు, నాయకుని జీపులో పోతాడు. ఆ జీపు ఎక్కినవాళ్లలో తల నెరిసేదాకా బతికినవాణ్ని నేను చూడలేదు.

దినాల భోజనాలయ్యాక నాయకుడు తువ్వాలు దులిపి లేచాడు. ఓబులన్న అప్పటికే ముందుకొచ్చి నిలబడ్డాడు. తండ్రి పోయినప్పటినుంచి అతనికి అదే ధ్యాస. ఇద్దరి నడుమ అవ్వ దూరింది.

"వీడా నాయనా? వీడు ఉత్త బేవార్సు నాయాలు. కోడిని కోస్తాంటేనే కండ్లు మూసుకుంటాడు. బాంబు చేతికిస్తే మీ కాళ్లమీదే యేస్తాడు."

తోటలో నాగుబామును ఒక్క కట్టెతో కొట్టిన ఓబులన్నను పట్టుకుని అంత మాట! పందిరి కింద ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, నాయకుడూ నవ్వి తువ్వాలు మడిచాడు. తలుచుకుంటే ఆ నవ్వులకు నా ఒళ్లు ఇప్పటికీ మండుతుంది. అప్పుడు ఓబులన్న జతగాడు, పక్కింటి సుబ్బడు లేచి, "నాకెయ్యన్నా" అని భుజం చాపాడు.

వానలు పడకముందే సుబ్బణ్ని కూడా నరికేశారు. ఆ రోజు అవ్వ పొయ్యి వెలిగించలేదు. ఊరంతా ఓబులన్నకు బేవార్సని పేరు పెట్టింది. అవ్వ చేతి ముద్ద అతడు మళ్లీ తినలేదు. అవ్వ కూడా ఆ మాట మళ్లీ ఎవర్నీ అనలేదు, తిట్లు లేని ఆ ఇంట్లో మేం భయంభయంగా పెరిగాం.

ఇప్పుడు అవ్వ లేదు, ఖాసీం తాత లేడు, తువ్వాళ్లు వేసే ఆచారమూ పోయింది. మా పిల్లలు ఫోనులో నేర్చిన తిట్లు తిట్టుకుంటారు. ఓబులన్న ప్రొద్దుటూరు బస్సులో కండక్టరు. మొన్న కలిసినప్పుడు, "అవ్వ మీద కోపం పోయిందా అన్నా?" అని అడిగాను.

"అవ్వ మీద కోపం ఎప్పుడో పాయమ్మా," అన్నాడు. "సుబ్బడి అమ్మ నా బస్సే ఎక్కుతాది. బాగుండావా నాయనా, పిల్లోళ్లు బాగుండారా అంటాది. ఆయమ్మకు ఏమని చెప్పేది?"