అద్దె పుస్తకాల్లో పెన్సిల్ గుర్తులు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే పొద్దున్నే టిఫిన్ తినేసి, అమీర్‌పేటలో మా సందు చివరున్న సత్తయ్య అంకుల్ అద్దె పుస్తకాల షాపుకి వెళ్లి కూర్చునేదాన్ని. చిరిగిన నవలలకి అట్టలు వేయడం, వాటి మీద నంబర్లు రాయడం నా పని. అందుకు బదులుగా అక్కడే స్టూలు మీద కూర్చుని ఎన్ని కావాలంటే అన్ని చదువుకోవచ్చు. నాకప్పుడు పన్నెండేళ్లు.

షాపు పైన రెండు అంతస్తుల్లోనూ కంప్యూటర్ కోర్సులే. మెట్ల నిండా ఫైళ్లు పట్టుకున్న అన్నయ్యలు, అక్కయ్యలు... కింద షాపు కూడా ఆ కోర్సుల వాళ్లకే ఇచ్చేద్దామని ఇంటి ఓనరు చూస్తున్నాడు. "గిరాకీ ఉన్నన్ని దినాలు నేనైతే కదల" అనేవాడు అంకుల్.

ఆ గిరాకీ నా వల్లే పోయే పరిస్థితి వచ్చింది.

అట్టలు వేస్తుంటే చూశాను... ప్రతి పుస్తకంలోనూ పెన్సిల్ గీతలు. ఒక పేజీలో చుక్క, ఇంకో పేజీలో సున్నా, మరోచోట త్రికోణం. నాకు ముందునుంచీ ఏదైనా శుభ్రంగా ఉండాలి. కొత్త రబ్బరు పట్టుకుని వారం రోజుల్లో నలభై మూడు పుస్తకాలు తుడిచేశాను. ఏ నంబర్లు అయ్యాయో నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాను. అంకుల్‌కి చెప్పలేదు... అన్నీ అయ్యాక ఒకేసారి చూపిద్దామని.

తర్వాతి వారం ఒకావిడ నవల తెచ్చి బల్ల మీద పడేసింది. "ఏంటి సత్తయ్యగారూ, సగం చదివాక గుర్తొచ్చింది, ఇది నేను చదివిందేనని. నా సున్నా ఏమైంది?" మర్నాడు ఇంకొకరు. ఆ మర్నాడు ఇద్దరు.

ఇంట్లో అమ్మ కూడా చేటలో బియ్యం ఏరుతూ అదే మాట. "ఎవరో పనిలేనివాళ్లు గుర్తులన్నీ చెరిపేశారే. ఇక ఆ షాపుకి వెళ్లి ఏం లాభం."

అమ్మే చెప్పింది... చదివిన పుస్తకం మళ్లీ తెచ్చుకోకుండా ఒక్కొక్కరూ ఒక్కో పేజీలో తమ గుర్తు పెట్టుకుంటారట. అంతేకాదు, ఒకరి గుర్తు చూసి ఇంకొకరు పుస్తకం ఎంచుకుంటారట. "ఆ త్రికోణం ఉందంటే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు. ఎవరో లెక్చరర్ అయ్యుంటుంది" అంది.

మర్నాడు అంకుల్‌కి నిజం చెప్పేశాను. తిట్టలేదు. "గవి గలీజు గీతలనుకున్నవా బిడ్డా... ఏం చదివిన్రో, ఏది మంచిగుందో ఆళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకునుడు గది. జర నన్ను అడిగితే ఏమైతుండె?" అన్నాడు. నా ముందున్న అట్టలు తన వైపు లాక్కుని, "రేపటి సంది రాకు. అట్టలు నేనే ఏసుకుంటా."

ఏడుపొచ్చింది గానీ నోట్‌బుక్ తీసి ముందు పెట్టాను. "తుడిచినవాటి నంబర్లన్నీ ఉన్నాయి అంకుల్. ఇళ్లకి వెళ్లి అడిగి మళ్లీ పెడతాను."

ఆయన పేజీలు తిప్పి చూశాడు. "పాడు చేసినదానికి సుత లిస్టు రాసినవ్" అని కొంచెం నవ్వి, మెంబర్ల అడ్రసులు రాసుకోమన్నాడు.

అలా పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట తిరిగాను. పుస్తకం పేరు చెబితే ఎవరికీ గుర్తు రాదు. కథ మొదలు చెప్పాలి.

"అదా... ఆడపడుచు ఉత్తరం దాచేస్తుంది, అదేగా?"

"కాదండీ, అది వేరే."

"అయితే ఇది చదవలేదు. బాగుంటుందా? చివర మాత్రం చెప్పకు."

పది నిమిషాల పని గంట పట్టేది. ఇప్పుడేం చదువుతున్నారో, ఎక్కడ ఆపారో, ఎవరి మీద కోపంగా ఉందో... అన్నీ నాకు చెప్పేవాళ్లు.

బల్కంపేటలో ఒక మెంబర్ కార్డు ఎవరో మగాయన పేరు మీద ఉంది. వెతుక్కుంటూ వెళితే అది అమ్మకి జాకెట్లు కుట్టే లక్ష్మి ఆంటీ ఇల్లు. కార్డు వాళ్లాయన పేరు మీద తీసుకుందట.

"ఏందమ్మా, మీ మమ్మీ జాకెట్ ఇంకా కాలే. శుక్రారం రమ్మన్న గద."

"జాకెట్ కోసం కాదు ఆంటీ. పుస్తకాల్లో మీ గుర్తేంటి?"

మిషను ఆపింది. "ముప్పై రెండో పేజీల త్రికోణం. ఎందుకు?"

ఇంటికెళ్లి చెబితే, "ఆ త్రికోణం లక్ష్మిదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఆరేళ్లుగా ఆవిడతో హుక్కులు, చేతుల పొడవు తప్ప ఇంకో మాట లేదు. శుక్రవారం తనే వెళ్లింది. పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. జాకెట్ ఏదమ్మా అంటే, తీసుకోవడం మర్చిపోయానంది.

నలభై మూడింట్లో ముప్పై తొమ్మిదింటికి గుర్తులు తిరిగొచ్చాయి. సున్నా పెట్టే ఆవిడ మాత్రం మళ్లీ షాపు మెట్లెక్కలేదు. మిగతావాళ్లు వచ్చారు. అంకుల్ నా స్టూలు నాకిచ్చాడు. షాపు ఇంకో మూడేళ్లు నడిచింది... ఆ తర్వాత అక్కడా కోర్సుల బోర్డే.

ఇప్పుడు మా ఎదురు ఫ్లాట్ ఆవిడకి నెలకి రెండుసార్లైనా పుస్తకాల పార్సిల్ వస్తుంది. ఏం పుస్తకమో అడగాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నా. ముక్కూ మొహం తెలియని ఇళ్ల తలుపులు తట్టినదాన్ని... నాలుగడుగుల దూరంలో ఉన్న తలుపు దగ్గర మొహమాటం.

అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నా. నా చేతిలో ఇప్పుడు ఒక నర్సు తన ఉద్యోగం గురించి రాసుకున్న పుస్తకం ఉంది. డెబ్భై ఆరో పేజీలో ఉన్నాను, పని తొందరగా ముగించుకుని మరీ చదువుతున్నాను. మీరేం చదువుతున్నారు... ఎలా ఉంది?

మీలో నలుగురు చెబితే, ఆ ధైర్యంతో రేపు ఎదురింటి బెల్లు కొడతాను.