తొమ్మిది నెలలూ సెలవు లేదు

మా అత్తయ్యకి భయమంటే తెలియదు. నాకు అదొక్కటే తెలుసు. మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది మరి. రెండోసారి నిలిచాక బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ బట్టలు చూసుకునేదాన్ని. తుమ్మాలన్నా భయమే. మిర్చి కల్లం పక్కన ఇల్లు పెట్టుకుని తుమ్మకుండా బతకడం ఎవరి తరం?

కాయ ఎండే రోజుల్లో మా ఊళ్ళో అందరి ఛాతీల్లోనూ ఘాటే. దానికి మా అత్తయ్య ఫోన్లో చూసి ఒక మందు కనిపెట్టింది. కపాలభాతి. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళందర్నీ పనికి ముందు పట్టా మీద కూర్చోబెట్టి, పొట్ట లోపలికి కొట్టిస్తూ, ముక్కుతో బుస్సుబుస్సుమని గాలి వదిలించేది. నెలసరిలో ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు. "పొత్తికడుపు లాగుద్ది, మీరు ఊరికే కూర్చోండి" అనేది. అంతవరకూ బాగానే ఉంది.

నాకు ఆరో నెల వచ్చింది. "నేను చెయ్యొచ్చా అత్తయ్యా?" అని అడిగాను.

"నీకేంటమ్మాయ్, నెలసరే లేదుగా! తొమ్మిది నెలలూ నీకు సెలవు లేదు" అంది. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆ లెక్క నాకూ సరిగ్గానే అనిపించింది, ఏం చెప్పను!

ఒకరోజు ఉదయం అలా చేస్తుండగానే పొట్ట రాయిలా బిగుసుకుంది. కళ్ళు తిరిగాయి. పట్టా మీదే పక్కకి ఒరిగిపోయాను. కాసేపటికి బిగువు తగ్గింది గానీ, రోజూ ఆ వేళకి తన్నే బిడ్డ తన్నడం లేదు. చల్లటి మజ్జిగ తాగాను. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. పొట్ట మీద చెయ్యి వేసి, "ఒక్కసారి కదలవే తల్లీ, కదలరా నాయనా, ఎవరైతే వాళ్ళు" అని బతిమాలుకున్నాను. ఉహూఁ.

మా ఆయన కోల్డ్ స్టోరేజీ దగ్గర ఉన్నారు. అత్తయ్యే ఆటో పిలిచింది. గుంటూరు పొలిమేరలో మిర్చి టిక్కీల బస్తాలు ఎత్తిన లారీలు బారులు తీరి ఉన్నాయి. "లారీ తియ్యండ్రా! నా కోడలి ప్రాణం మీదికొచ్చింది!" అని అత్తయ్య ఆటోలోంచి సగం బయటికి వంగి అరిచింది. ఆ గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. ఈవిడే భయపడితే ఇంక నాకు దిక్కెవరు అనిపించి ఏడుపు తన్నుకొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అంతా విని అత్తయ్య వైపు చూసింది. "కడుపుతో ఉన్నప్పుడు పొట్ట గట్టిగా కొట్టేవీ, ఊపిరి బిగబట్టేవీ వద్దండీ. మెల్లగా తీసుకుని మెల్లగా వదలడం, అంతే."

అత్తయ్య తలదించుకుని నా వెనక్కి వెళ్ళింది.

డాక్టరమ్మ పొట్ట మీద జెల్లు రాసి మిషను పెట్టింది. గరగర. పక్కకి జరిపింది. అక్కడా గరగరే. ఎక్కడైనా ఏమైనా వినిపిస్తుందేమోనని నేను కొయ్యబారిపోయి వింటున్నాను.

"ఊపిరి తీసుకోండమ్మా!" కసిరింది డాక్టరమ్మ. "బిగబట్టొద్దని ఇప్పుడేగా చెప్పాను! లోపలున్న బిడ్డకీ మీ ఊపిరే."

తీసుకున్నాను. వదిలాను. మళ్ళీ తీసుకున్నాను. గరగర వెనకాల నుంచి టకటకా టకటకా గుండె చప్పుడు వినిపించింది.

"బిడ్డ బాగుంది" అంది డాక్టరమ్మ.

నా తల దగ్గర ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. చూస్తే అత్తయ్య. నాతో పాటు ఆవిడా బిగబట్టుకుని నిలబడింది. కొంగుతో ముందు నా కళ్ళు తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

"ఇవాళ్టి నుంచి నీకు సెలవే అమ్మాయ్" అంది.