నీళ్లకు బదులు గాలి

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి కొత్త ఫ్లాట్‌లో గీజరు బిగించడానికి వచ్చిన మెకానిక్ అట్టపెట్టె విప్పి, గోడకు తగిలించి, స్విచ్చి వేసి, టీ కూడా తాగకుండా బయలుదేరాడు. లీకు చూడవా బాబూ అని అడిగితే, కంపెనీలోనే చూసి పంపుతారండీ అని నవ్వాడు. అతని తప్పేం లేదు గానీ, నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

తొంభైల్లో మా ఆయనా, మా మరిదీ కలిసి ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో లాడ్జీలకూ ఆసుపత్రులకూ రాగితో వేడినీళ్ల సిలిండర్లు చేసేవారు. అతుకు ఎవరైనా వేస్తారు, అది ఆగిందో లేదో చూడటమే అసలు పని అనేవారు మా ఆయన. సిలిండరును గాలి మిగలకుండా నీళ్లతో నింపి, ఒకరు చేతిపంపుతో ఒత్తిడి పెంచుతూ గేజు ముల్లు మీద కన్నేసి ఉంచితే, రెండోవారు పొడిగా తుడిచిన అతుకుల మీద ముగ్గుపిండి రాసి, ఎక్కడ తడిసి రంగు మారుతుందా అని కాచుకునేవారు. ఆ పిండి కొనేది నేనే. భవానీపురంలో మా వీధికి వచ్చే ముగ్గుల ఆవిడ, "సాయిబుగారింట్లో ఇన్ని ముగ్గులెవరేస్తారమ్మా, మీ ఆయనేనా?" అని నన్ను ఆటపట్టించేది.

మా మరిది చేతులు చురుకైనవి, ఓపిక మాత్రం పూజ్యం. ఒక వేసవిలో కాలువలు కట్టేశాక షెడ్డులో బోరు కూడా ఎండిపోయింది. ఆసుపత్రికి ఇవ్వాల్సిన పెద్ద సిలిండరు తయారై కూర్చుంది, నింపడానికి నీళ్లు లేవు. పక్కన పంక్చర్ షాపులో కంప్రెసరుంది కదా, గాలి కొట్టి సబ్బునురుగు పూద్దాం, లీకుంటే బుడగలొస్తాయి అని మా మరిది పోరు పెట్టాడు. మా ఆయన ససేమిరా అన్నారు. నీళ్లతో అతుకు విడితే షెడ్డు తడుస్తుంది, గాలితో విడితే మనిషి పోతాడని చెప్పి, ట్యాంకరు కోసం తానే వెళ్లారు.

నేను భోజనం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి షెడ్డు ముందు జనం. అన్న తిరిగొచ్చేలోపు పని తేల్చి చూపిద్దామని మా మరిది గాలి పెట్టేశాడు. సిలిండరు అడుగు మూత ఊడి, ఎదుటి రేకును చీల్చుకుని వెళ్లిపోయింది. అది తగలకపోవడం అల్లా దయ. అతను మాత్రం నేలమీద కూలబడి రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. అప్పుడే ట్యాంకరొచ్చి ఆగింది. మా ఆయన దూకి పరుగెత్తుకొచ్చి, తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కుని, "నీళ్లు తెచ్చానురా, ఇవిగోరా నీళ్లు" అని అదే మాట అంటూ ఏడుస్తుంటే, అతనికి ఒక్క ముక్కా వినపడలేదు.

కుడిచెవి కొంత తిరిగొచ్చింది, ఎడమది పోయింది. ఆ తర్వాత పోయింది అంతకంటే పెద్దది. మా ఆయన తమ్ముణ్ణి మళ్లీ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. భయంతోనే అలా చేశారని నాకు తెలుసు, నిద్రలో ఉలిక్కిపడే మనిషి పక్కన పడుకున్నదాన్ని. ఎంత చెప్పినా మా మరిది నమ్మలేదు. "చెవి నా తప్పుకే పోయింది భాభీ, ఒప్పుకుంటా. నా పనెందుకు లాక్కున్నాడు భాయ్?" అనేవాడు. చివరికి గన్నవరంలో ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా కుదిరాడు.

పరాయి మనిషిని పక్కన పెట్టుకుని మా ఆయన పని చేయలేకపోయారు, కొన్నాళ్లకు షెడ్డూ వదిలేశారు. ఇప్పుడు ఆ సరుకంతా ఎక్కడో యంత్రాల మీద తయారై వస్తోంది, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, మంచిదే. రంజాన్ నాడు అన్నదమ్ములిద్దరూ మా ఇంట్లో గుండెలకు హత్తుకుని అలాయిబలాయి తీసుకుంటారు. మా ఆయన తమ్ముడి కుడివైపే కూర్చుని, ఎండల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ ఇల్లదిరేలా మాట్లాడతారు. ఒకప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు విప్పకుండా, కళ్లతోనే పని నడుపుకున్న మనుషులు వాళ్లు.