కాంటా పక్కన చోటు

వడ్లు ఎండాయో లేదో చూడటానికి మా బాపు దగ్గర ఒక యంత్రం ఉంది. అది ఆయన నోట్లో ఎడమవైపు ఉంటుంది. ఒక గింజ తీసి ఆ దవడ పన్ను కింద పెట్టి కొరుకుతాడు. 'టక్' అంటే ఎండినట్టు. చప్పుడు లేకుండా అణిగితే ఇంకో ఎండ కావాలన్నట్టు. కుడివైపు పళ్లు రెండు రాలిపోయాయి కాబట్టి ఆ పక్క మరమ్మతులో ఉందనుకోవాలి.

సర్కారు వడ్ల కొనుగోలు కేంద్రంలో నడిచే యంత్రం వేరు. చేతిలో పట్టేంత డబ్బా. గుప్పెడు వడ్లు పోస్తే తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. పదిహేడు దాటకుంటే కాంటా పెడతారు, దాటితే మళ్లీ ఆరబోయమంటారు. ఆ తేమను మా దగ్గర మ్యాచర్ అంటారు. యాసంగి, అంటే ఎండాకాలపు పంట, కోతలప్పుడు మా ఊళ్లో ఇద్దరు ఎదురైతే బాగున్నావా అని అడగరు, మ్యాచర్ ఎంతొచ్చింది అని అడుగుతారు. నేను కోతలకని సెలవు మీద వచ్చి బస్సు దిగగానే బాపు నన్ను అడిగింది కూడా, నువ్వు తిన్నావా అని కాదు, నీ ఫోను వానంటున్నదా ఎండంటున్నదా అని.

మాది స్టేషన్ ఘన్‌పూర్ నుంచి లోపలికి పోయే ఊరు. నా ఉద్యోగం భూపాలపల్లిలో, బొగ్గు లారీలు తూచే ఒక కాంటా దగ్గర. లారీ ఎక్కుతుంది, నేను చీటీ ఇస్తాను, లారీ దిగుతుంది. భూమి వేడెక్కుతున్నదని టీవీలో ఎవరైనా బాధపడుతుంటే నేను చానల్ మారుస్తాను. పని ఇంటిదాకా తెచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదు. అయితే బొగ్గులో ఒక సుగుణం ఉంది. తడిస్తే మొలకెత్తదు.

ఆ యాసంగికి ముందు, చలికాలంలో, మా ఊళ్లో రైతులకు ఒక సదస్సు జరిగింది. వచ్చిన సారు మంచి మనిషి. కాలం మునుపటిలా లేదని, ఎండాకాలం నడుమ వడగళ్లు పడుతున్నాయని, నాట్లు ముందుకు జరుపుకొని మార్చి దాటకముందే కోసుకుంటే గట్టెక్కుతారని విడమరిచి చెప్పాడు. అందరూ తల ఊపారు. అందరికంటే ఎక్కువ మా బాపు ఊపాడు. ఆయన నిజంగానే నమ్మాడు. తక్కువ రోజుల్లో వచ్చే విత్తనం తెచ్చి నారు కూడా అందరికంటే ముందే పోశాడు. కాలువ నీళ్లు మాత్రం వాటి తీరికలో అవి వచ్చాయి. సదస్సు సంగతి వాటికెవరూ చెప్పినట్టు లేదు. నారు ముదిరింది, నాటు ఆలస్యమైంది, కోత ఏప్రిల్ చివరికి పోయింది.

సదస్సు వల్ల మాకు దక్కింది ఒకటే, దాని ఫ్లెక్సీ. అందరూ సమోసాల దగ్గర ఉండగా బాపు స్టేజీ దగ్గరికి పోయి, "సారూ, ఇది మళ్ల మీకు పనికొస్తదా?" అని అడిగి విప్పుకొచ్చాడు. రెండు మంచాలంత ఉంటుంది. 'మారుతున్న వాతావరణం – సుస్థిర వ్యవసాయం' అని పెద్ద అక్షరాలు, కింద దోసిట్లో లేత మొలక బొమ్మ. బరకం కొనే బదులు కుప్ప మీద కప్పుకోవచ్చని ఆయన లెక్క. ఇందులో ఆయన తప్పేం లేదు. మా కేంద్రంలో కుప్పలన్నీ అలాగే ఉంటాయి. మా పక్క కుప్ప మీద ఒక నాయకుడు తలకిందులుగా పండుకొని జనానికి పండుగ శుభాకాంక్షలు చెబుతుంటాడు.

ఇక చోటు సంగతి. కేంద్రం రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పెట్టారు. లారీ సులువుగా తిరగాలని కాంటాను రోడ్డు వైపు, కింది మూలకు పెట్టారు. ఆ కాంటా పక్కన చోటు దొరకడమంటే మా ఊళ్లో పెళ్లి బంతిలో మొదటి వరుస దొరికినట్టు. హమాలీలు ముందు అక్కడికే వస్తారు, మోత తక్కువ. కేంద్రం తెరవకముందే బాపు పోయి సున్నంతో గీత గీసి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి వచ్చాడు. వారం రోజులు ఆ చోటు గురించి చెప్పుకున్నాడు. అది పల్లం అని ఎవరికీ తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ఎండాకాలంలో పల్లం ఏంది, మిట్ట ఏంది?

మొదటి రోజు పొద్దున వడ్లు పలుచగా పోసి, ఇద్దరం కాళ్లతో సాళ్లు తీసుకుంటూ అటూ ఇటూ నడిచాం. నేను ఫోను చూశాను.

"సాయంత్రం వానంట బాపు."

"ఎవలు జెప్పిన్రు?"

"ఫోను."

"ఫోనుకు ఎవుసం ఉన్నాదిరా?"

అన్నాడే గానీ భయపడ్డాడు. మధ్యాహ్నానికే కుప్ప చేసి ఫ్లెక్సీ కప్పాం. వాన రాలేదు. ఫ్లెక్సీ కింద వడ్లు రాత్రంతా ఉబ్బరించి చెమటలు పోసుకున్నాయి. పొద్దున కేంద్రం నడిపే అక్క వచ్చి డబ్బాలో పోస్తే నిన్నటికంటే ఒకటిన్నర ఎక్కువ చూపించింది. ఈ అక్క మహిళా సంఘం మనిషి. నిజానికి ఆమె చేతిలో ఉన్నది ఆ డబ్బా ఒక్కటే. ఊరు మొత్తం మాత్రం మబ్బులను కూడా ఆమే నడుపుతున్నట్టు ఆమెతో కొట్లాడుతుంది.

"ఇగో బిడ్డా, కొరికి సూడు, టక్కుమంటున్నది," అని బాపు ఆమెకు ఒక గింజ ఇవ్వబోయాడు.

"కాకా, నేను కొరికితె సర్కారు ఒప్పుకోదు. మిషిన్ కొరకాలె."

రెండో రోజు ఫోను ఎండ అంది. నిజంగానే ఎండ కొట్టింది. ఫోనుతో సహా అందరం ఆశ్చర్యపోయాం. మూడో రోజు మధ్యాహ్నం అక్క డబ్బా పట్టుకొచ్చింది. బాపు కళ్లు మూసుకొని గింజ కొరికాడు. టక్. డబ్బాలో పదిహేడు.

"అయిపాయె కాకా. పొద్దుగాల లారీ రాంగనే మొదటి కాంటా నీదే."

బాపు నవ్వాడు. ఆయన నవ్వితే ఆ కుడివైపు ఖాళీ కనబడుతుంది, అందుకని ఎక్కువగా నవ్వడు. ఆ రోజు పూర్తిగా నవ్వాడు. అమ్మకు ఫోను చేసి చాయ్ తెమ్మన్నాడు. రేపు పొద్దున దాకా, అంతే. ఆ కుప్పను అంతవరకు పొడిగా ఉంచితే మా యాసంగి గట్టెక్కినట్టే.

నాలుగింటికి మహబూబాబాద్ నుంచి మా అక్క ఫోను చేసింది. ఆమెను అక్కడికే ఇచ్చాం. "తమ్మీ, మా దిక్కు రాళ్లు పడుతున్నయి, బాపుకు జెప్పు, జల్ది..." అనేసరికి లైను పోయింది. నేను ఫోను తెరిచి చూశాను. అందులో సూర్యుడు పచ్చగా నవ్వుతున్నాడు. తల ఎత్తి చూస్తే ఆకాశం భూపాలపల్లిలో మా కాంటా దగ్గరి బొగ్గు కుప్పలా ఉంది.

గాలి ముందు వచ్చింది. సుస్థిర వ్యవసాయం ఒక మూల లేచింది. రాయి పెట్టాం. రెండో మూల లేచింది. పక్క కుప్ప మీది నాయకుడు అప్పటికే రోడ్డు దాటి వెళ్లిపోయాడు. బాపు ఇంకేం ఆలోచించకుండా ఫ్లెక్సీ మీద ఎగిరి పడి, కాళ్లూ చేతులూ చాపి పండుకున్నాడు.

"నువ్వు గూడ పండుకోరా! సూస్తవేంది?"

పండుకున్నాను. వడగళ్లు వీపు మీద పడుతుంటే నేను డిగ్రీ చదివిన సంగతి ఎందుకో గుర్తొచ్చింది. చాయ్ ఫ్లాస్కు, గొడుగు పట్టుకొని వచ్చిన అమ్మ కాసేపు మమ్మల్ని చూసింది. తర్వాత ఆ గొడుగును మా మీద కాదు, ఫ్లెక్సీకి చిరుగున్న చోట పట్టింది.

"కోడి గుడ్ల మీద పండుకున్నట్టు పండుకున్నరు తండ్రీకొడుకులు. పిల్లలెప్పుడైతయి?"

బాపు కూడా నవ్వాడు. ఒప్పుకోవాలి, ఆ అరగంట మేం గెలుస్తున్నామనే అనుకున్నాం. పైనుంచి ఒక్క చుక్క లోపలికి పోనియ్యలేదు.

వాన తగ్గాక నేను లేచి చూస్తే నా చెప్పులు లేవు. కాంటా వైపు తేలుతూ పోతున్నాయి. మిట్ట మీద కుప్పల మధ్య నుంచి, జాగా అంతటి నుంచి, నీళ్లన్నీ ఒక్క దారి పట్టి కింది మూలకు వచ్చి మా కుప్ప చుట్టూ ఆగాయి. బాపు కుప్ప అడుగున చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా పోయింది. బయటికి తీస్తే చెయ్యి మొత్తం తడి, తడికి అంటుకున్న వడ్లు. ఆయన ఆ చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేయడం నా పద్ధతి. ఆ రోజు మాత్రం పోయి నీళ్లలో నా చెప్పులు ఏరుకొచ్చాను.

పొద్దున లారీ వచ్చింది. చెప్పిన మాట ప్రకారం కేంద్రం అక్క మొదట మా దగ్గరికే వచ్చి డబ్బా పెట్టింది. ఇరవై నాలుగు. ఆమె మళ్లీ ఒకసారి పెట్టింది, ఇంకో చోటి గింజలు తీసి మూడోసారి కూడా పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి బాపే ఓదార్చాల్సి వచ్చింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా. పో, మిట్ట మీదోళ్లది పెట్టుకో."

మిట్ట మీద, అందరికంటే ఆఖరున చోటు దొరికిందని వారం కింద తిట్టుకున్నాయన వడ్లు ముందు తూగాయి. ఆయన మా వైపు చూడకుండా సంచులు పట్టాడు. ఆయన తప్పేముంది, నేనైనా చూడను.

ఆ రోజు ఎండ చూస్తే నిన్న ఏమీ జరగనట్టే ఉంది. వడ్లు తీసి ఆరబోశాం. పైవి వేరు, కిందివి వేరు చేశాం. వాన పడ్డ మూడో రోజు కింది వడ్లలో తెల్లగా, సూది మొనల్లా మొలకలు వచ్చాయి. అమ్మ ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకొని చూసింది. గొడుగు పట్టుకున్న రోజు తానన్న మాట ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకూ గుర్తొచ్చింది. ఆమె ఆ గింజను మళ్లీ కింది వడ్లలోనే వేసింది. పక్కనే ఫ్లెక్సీ ఆరేసి ఉంది. అందులో దోసిట్లో మొలక ఇంకా పచ్చగానే ఉంది.

మిగిలిన పైవడ్లు కూడా కింది తడి పీల్చి ఇంకా పద్దెనిమిది దగ్గరే ఉన్నాయి. అవైనా దక్కాలంటే ఒక మంచి ఎండ చాలు. బాపు గింజ కొరికాడు, చప్పుడు రాలేదు. ఉమ్మేసి, ఫోనును అన్ని తిట్లూ తిట్టినాయన, నా వైపు తిరిగాడు.

"రేపేమంటున్నదిరా?"

చూశాను. "యాభై శాతం వానంట."

"అంటే ఎటు?"

"అటూ ఇటూ బాపు."

ఆయన కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు వడ్లు చూశాడు. తర్వాత వడ్లు లాగే చెక్క పలక తీసుకొని సగం వడ్లను పలుచగా పరిచాడు. మిగతా సగాన్ని కుప్ప చేసి ఫ్లెక్సీ కప్పి, నాలుగు రాళ్లు పెట్టాడు. గాలి వచ్చే దిక్కు మూలకు ఇంకోటి ఉండాలని ఐదో రాయి కోసం వెతుకుతుంటే దొరకలేదు. నేను పోయి ఆ మూల మీద కూర్చున్నాను.