కుడిచెయ్యి తియ్యని సీమోను

రాజాంలో డ్రైవర్ సీమోనును ఎరగని పెళ్లివారు లేరంటే లేరు. మీసం మొలిచిన నాటి నుంచీ పెళ్లికొడుకుల్ని, బాలింతల్ని, బొబ్బిలి వెళ్లి వీణలు కొనుక్కునే పట్నం వాళ్లని మోసుకు తిరిగాడు. ఎవరెక్కినా వెనక్కి చూడకుండా "ఎక్కడికి పోనిమ్మంటారండీ?" అని అడిగేవాడు. కారులో తనదంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. కారు ఎవరిదో, డీజిలు ఎవరిదో. భార్య వెంకటలక్ష్మిని ఒక్క ఆదివారమైనా సొంత కారులో చర్చికి తీసుకెళ్లాలని మాత్రం మనసులో ఉండిపోయింది.

2013లో షోరూం నారాయణమూర్తికి ఓ వింత ఆలోచన పుట్టింది. కొత్త ఎర్రకారును వాకిట్లో నిలబెట్టి మైకులో చాటించాడు. దాని మీద కుడి అరచెయ్యి ఆనించి నిలబడాలి. చివరిదాకా తియ్యనివాళ్లకే కారు, ఉచితం! ఎడంచేత్తో తినొచ్చు, తాగొచ్చు. ఈల వేసినప్పుడు కాసేపు పోయి రావచ్చు. మిగతా వేళల్లో కుడిచెయ్యి లేచిందా, ఇంటికే.

ఇంకేముంది, తెల్లారేసరికి ఊరంతా అక్కడే! సీమోను బానెట్ మీద చెయ్యేశాడు. ఎదురుగా ధాన్యం వ్యాపారి సూరయ్య. ఒకడు ఫోను మోగితే ఎత్తాడు, పోయాడు. ఇంకొకడు దోమను కొట్టాడు, వాడూ పోయాడు. ఎవరు పోయినా జనం ఈలలే ఈలలు.

దీపాలవేళ అసలు తమాషా జరిగింది. రోజూ సాయంత్రం షోరూంలోని బళ్లకు హారతివ్వడం నారాయణమూర్తి తల్లి గురమ్మకు అలవాటు. ఆవిడ పళ్లెం పట్టుకుని ఎర్రకారు చుట్టూ కూడా తిరిగింది. అంతే! కళ్లకద్దుకోవడానికి ఒకటి రెండు తప్ప చేతులన్నీ టపటపా లేచిపోయాయి. పాపం, ఆ పెద్దావిడకు ఏమీ తెలియదు.

"ఒసే కూర్మమ్మా, బేగి రాయే! హారతి నువ్వు తీసి నా కళ్లకద్దు!" అని సూరయ్య పెళ్లాన్ని కేకేశాడు. గట్టివాడే! చివరికి హారతి అద్దుకునే అలవాటు లేని చర్చి మనిషి సీమోను, సూరయ్య మిగిలారు.

అప్పుడు మలుపులో స్టాన్లీ అయ్యగారి స్కూటరు కనిపించింది. మొగుడి పక్కనే నిలబడ్డ వెంకటలక్ష్మి ముందుగా చూసింది. చర్చి అయ్యగారు ఎదురుపడితే సీమోను రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పకుండా ఉండగలడా? నిద్రలో లేపినా చెబుతాడే!

"మావా, కళ్లు మూసీ!"

"ఏటే, ఎందుకు?"

"మూసీమంటే మూసీ!"

మూసేశాడు. అయ్యగారు వచ్చి చూశారు. సీమోను ప్రార్థనలో ఉన్నాడనుకున్నారు. ప్రార్థనలో ఉన్నవాణ్ణి పలకరించకూడదు కదా! అందుకని అవతలి వైపు తిరిగి చేతులు జోడించారు.

"వందనాలండీ సూరయ్య గారూ!"

సూరయ్య పది ఊళ్లలో బేరాలు చేసే మనిషి. ఎదుటివాడి దండానికి దండం పెట్టకుండా ఏనాడూ ఉండలేదు.

"నమస్కారం అయ్యగారూ!"

రెండు చేతులూ నిండుగా జోడించాడు. జనం గొల్లున అరిచారు. సీమోను కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాడు.

"ఏటే, ఏటయినాది? నా సెయ్యి ఉన్నాదా?"

"ఉన్నాది మావా! సూరయ్య బాబుదే లేసిపోనాది. కారు మనదే!"

"నీ మీదొట్టు?"

"నా మీదొట్టు!"

కొయ్యబారిన చేతిని మెల్లగా ఎత్తి, ఎడంచేతితో కలిపి, ముందుగా సూరయ్యకే దండం పెట్టాడు.

"వందనాలు బాబూ."

"ఒరే, ఆ దండమే రా నన్ను ముంచీసినాది! ఇంక ఒగ్గీ, సాలు!" అంటూ సూరయ్య పగలబడి నవ్వి కావిలించుకున్నాడు.

తాళం చేతికొచ్చింది. వెంకటలక్ష్మి గబగబా పోయి వెనక తలుపు తీసి కూర్చుంది.

"ముందర కూకోవే."

"నానొల్లను. ఓనర్లు ఎనకాలే కూకుంటారు."

జనం మళ్లీ గొల్లున నవ్వారు. సీమోను స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. వెనక్కి చూడకుండా, అలవాటు కొద్దీ అడిగేశాడు.

"ఎక్కడికి పోనిమ్మంటారండీ?"

అద్దంలో చూశాడు. వెంకటలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వుతోంది.

"మనింటికి," అంది. "మెల్లగ పోనీ మావా. అందరూ సూడాల."